గల్లీ వైపు గోడ

ఆగస్టు 27, బుధవారం. మధ్యాహ్నం

వినాయకుడిని ఇంకా పీట మీద పెట్టనేలేదు, సెల్లార్‌లోకి నీళ్లు వచ్చేశాయి.

రాత్రి నుంచి ఒకటే వాన. పొద్దున్న పాల కోసం కిందికి దిగితే మోరీ ఎక్కడో, రోడ్డు ఎక్కడో తెలియలేదు. మా ర్యాంప్ మీదుగా ఎర్రటి నీళ్లు గబగబా లోపలికి దిగుతున్నాయి, క్లాసుకి లేటయిన వాళ్లలాగా. అడ్డం వేద్దామంటే ఇసుక లేదు. మా ఆయన ప్రవీణ్ సెల్లార్ పైనే ఉన్న తన ఎరువుల షాపులోంచి రెండు యూరియా బస్తాలు తెచ్చి వేశాడు. అవి కరిగిపోయాయి. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. అతనికి కోపమొచ్చింది.

మెట్ల మీద నిలబడి చూశాను. నా జిమ్, ఆడవాళ్లకి మాత్రమే. మ్యాట్లు తేలుతున్నాయి. ట్రెడ్‌మిల్ హ్యాండిల్ ఒక్కటే పైకి కనిపిస్తోంది. దాని మీద జిమ్‌కి వచ్చే బాలమణి అక్క ఆరేసుకున్న టవల్. అది మాత్రం తడవలేదు.

పైకి వచ్చి పూజ చేశాను.

ఆగస్టు 28, గురువారం

వాన. కరెంటు లేదు. టవల్ కూడా మునిగింది.

ఆగస్టు 30, శనివారం

మామయ్య కౌడిపల్లి నుంచి డీజిల్ ఇంజను తెప్పించారు. అక్కడ మా పొలం కూడా నీళ్లలోనే ఉంది. ఎంత తోడినా లాభం లేదు కాబట్టి ఇంజను ఖాళీగా ఉందట. పొద్దున్నుంచి తోడుతూనే ఉంది. బిల్డింగంతా డీజిల్ వాసన.

సాయంత్రానికి నేల కనిపించింది. నేల అంటే బురద. ట్రెడ్‌మిల్స్ పోయాయి. సైకిల్ పోయింది. అద్దం నిలబడింది, అందులో నేను నడుము దాకా బురదతో కనిపించాను. డంబెల్స్‌కి ఏమీ కాలేదు. ఇనుముకి ఏమవుతుంది, తుడిస్తే చాలు.

గోడలు అలా కాదు. చెయ్యి పెడితే పుట్టీ ముద్దలా ఊడి చేతిలోకి వస్తోంది.

ఆగస్టు 31, ఆదివారం

అన్నం తినేటప్పుడు మామయ్య చెప్పారు, సెల్లార్ పూడ్చేద్దామని. "గా గుంతతోని మనకు లొల్లి వద్దు బిడ్డా. దసరా అయినంక మొరం మట్టి పోయించి బందు చేద్దాం. పైన మూల షట్టర్ ఖాళీ చేయిస్త, గాడ పెట్టుకో నీ జిమ్ము" అన్నారు. ప్రేమగానే అన్నారు. అదే వచ్చిన చిక్కు. కోపంగా అని ఉంటే పోట్లాడేదాన్ని.

మూల షట్టర్‌కి ముందంతా అద్దం. ఎదురుగా చాయ్ హోటల్, దాని ముందు ఎప్పుడూ మగవాళ్లు. అక్కడ బాలమణి అక్క ఎక్సర్‌సైజ్ చేస్తుందా? ఆమెది కుల్చారం, మనవల చదువు కోసం టౌనుకి వచ్చింది. చీరలో దిగుతుంది, కింద కొడుకు ట్రాక్ ప్యాంటు వేసుకుంటుంది, మళ్లీ చీరలో పైకి వెళ్తుంది. తన ప్యాంటు ఏమైందో ఆ కొడుక్కి ఇప్పటికీ తెలియదు. మొదట్లో ఆమె కింద కూర్చుంటే ఇద్దరం పట్టి లేపాల్సి వచ్చేది. మొన్న చవితికి ఎవరి సాయం లేకుండా పీట మీద కూర్చుని పూజ చేసుకుందట. ఫోన్ చేసి మరీ చెప్పింది. మా ఇంట్లో నీళ్లు దిగుతున్నాయని అప్పుడు నేను చెప్పలేదు.

కిటికీలు లేకపోవడమే మా జిమ్ గొప్ప. ఎవరూ చూడరు. అందుకే వస్తారు అందరూ.

నేను కూడా అందుకే దిగానేమో. పెళ్లికి ముందు జిల్లా టీంలో ఖోఖో ఆడేదాన్ని. పెళ్లయ్యాక పరిగెత్తింది ఆ సెల్లార్‌లోనే.

దసరా దాకా టైమ్ అడిగాను. గోడలకి చెమ్మ రాకుండా చేయిస్తాను, చేస్తే పూడ్చనని మాటివ్వండి అన్నాను. మామయ్య ప్రవీణ్ వైపు చూశారు. ప్రవీణ్ పప్పు వైపు చూశాడు. చివరికి మామయ్య సరే అన్నారు.

సెప్టెంబర్ 3, బుధవారం

వాటర్‌ప్రూఫింగ్ పనులు చేసే గిడియోన్ నిన్న వచ్చాడు. శంకరంపేటలో మా చుట్టాలింటి డాబా లీకేజీ ఆపింది అతనే. నాలుగు గోడలూ తట్టి చూశాడు. "మేడం, పాత రంగు, పుట్టీ అంత గీకాలె. గోడ ఒళ్లు కనపడాలె. రంగు మీద పూస్తే రంగుతోనే ఊడొస్తది" అన్నాడు. గీకడానికి కూలీలు దొరకరని కూడా అన్నాడు. వరద తర్వాత టౌనులో ప్రతి ఇంట్లోనూ బురద ఎత్తే పనే.

జిమ్ గ్రూపులో మెసేజ్ పెట్టాను. నలుగురైదుగురు వస్తారనుకున్నాను. వైర్ బ్రష్‌లు చాలలేదు. బాలమణి అక్క ఇంట్లోంచి అట్లకాడ తెచ్చింది. ముక్కులకి చున్నీలు కట్టుకుని గీకాం. స్క్వాట్స్ చేయమంటే మూలిగే వాళ్లు ఇవాళ పొద్దంతా గొంతుక్కూర్చుని గీకారు.

భుజాలు పడిపోయాయి. పెన్ను పట్టుకోలేకపోతున్నాను.

సెప్టెంబర్ 7, ఆదివారం

నిన్న మొదటి కోటు, ఇవాళ రెండోది.

పగుళ్లన్నీ ముందే సిమెంటుతో మూసేశారు. పూత పొడిలో పాలలాంటి లిక్విడ్ పోసి దోసెపిండిలా కలపాలి. గోడని తడపాలి, కానీ నీళ్లు కారకూడదు. మొదటి కోటు నిలువుగా, రెండోది అడ్డంగా. గిడియోన్ ఒక గోడ పూశాడు, మిగతావి చూపిస్తూ మాతో పూయించాడు. నా బ్రష్ గీతలు వంకరగా వచ్చాయి. ఏం పరవాలేదన్నాడు, గోడ అందగత్తె కానక్కర్లేదు, నీళ్లు రాకుంటే చాలట.

రాత్రికి గ్రహణం, అంతకుముందే పని ముగించాలని బాలమణి అక్క అందర్నీ తరిమింది. సాయంత్రానికి నాలుగు గోడలూ బూడిదరంగులో, ఏనుగు తోలులా తయారయ్యాయి. మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టాను. గది మోగింది.

సెప్టెంబర్ 12, శుక్రవారం. ఉదయం 6

రాత్రి వాన పడింది. లేవగానే కిందికి పరిగెత్తాను. మూడు గోడలు పొడిగా ఉన్నాయి. గల్లీ వైపు గోడ మీద పూత అప్పడంలా పొంగింది. వేలితో నొక్కితే పగిలి నీళ్లు కారాయి.

అదే రోజు, సాయంత్రం

గిడియోన్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "గీ గోడ ముచ్చట నేను ముందుగాలనే సూడాల్సుండె మేడం, నాదే తప్పు. ఆవల దిక్కు నుంచి నీళ్లు తోస్తున్నయి. లోపట ఎంత పూసినా తోసేస్తది. పూత ఆవల పడాలె" అన్నాడు. అంటే బయట గోడ పొడవునా మనిషి లోతు తవ్వి, బయటి నుంచి పూసి, మళ్లీ మట్టి కప్పాలి.

బయట ఉన్నది జహంగీర్ సాబ్ గల్లీ.

ఆయన కుట్టుమిషన్లు రిపేర్ చేస్తారు. మా బిల్డింగుకీ ఆయన పాత పెంకుటింటికీ మధ్య ఎడ్లబండి పట్టేంత జాగా ఉంది. అది వాళ్లదే. మా బిల్డింగ్ కట్టేటప్పుడు ఆయనకీ మామయ్యకీ పెద్ద గొడవ అయిందని తెలుసు. నేను ఈ ఇంటికి రాకముందు సంగతి. అప్పటి నుంచి మాటల్లేవు. ఎదురుపడితే మామయ్య సెల్‌ఫోన్ చూసుకుంటారు. ఆయన ఆకాశం చూసుకుంటారు.

ప్రవీణ్‌కి చెప్పాను. "ఇగ ఇడిచిపెట్టు కావ్యా. నాయన అడగడు, ఆయన ఇయ్యడు" అన్నాడు.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఇవాళ వాళ్లింటికి వెళ్లాను. ఇంట్లో చెప్పలేదు.

జహంగీర్ సాబ్ భార్య షకీలా ఆంటీ వంటింటి గుమ్మంలో తెల్ల కుర్తాలు ఉతుకుతోంది. నేను ఎవరో చెప్పబోతే చెయ్యి ఊపి ఆపేసింది. "నీ గొంతు నాకెరుకే. పొద్దుగాల నువ్వు వన్ టూ త్రీ ఫోర్ అంటవు గద, ఈ గోడకెళ్లి ఇనపడ్తది. నేను రొట్టెలు గట్లనే తిప్పుత. నీళ్లొచ్చిన కాన్నుంచి నీ గొంతు లే, నా రొట్టెలు మాడుతున్నయి" అంది. ఎప్పుడైనా దిగి రావచ్చు కదా అంటే నవ్వింది. పిలిచినోళ్లు ఎవరట.

నాకు సిగ్గేసింది. అడగడానికి వచ్చిన దాన్ని అడగలేక చాయ్ తాగాను. తర్వాత అడిగేశాను. గల్లీ తవ్వనివ్వండి, పూత పూసి మళ్లీ ఎప్పటిలా పూడ్చి ఇస్తాం అని.

ఆమె జవాబు చెప్పేలోపు లోపలి నుంచి జహంగీర్ సాబ్ వచ్చారు. అంతా విన్నట్టున్నారు. కోప్పడలేదు. "నీ తప్పేం లేదు బిడ్డా. నువ్వు చాయ్ తాగు. మీ మామ గప్పుడు పునాది తవ్వుతుంటే నేను పోయి చెప్పిన, జర దూరం జరుగు భాయ్, మా గోడ కూలుతదని. పదిమంది కూలోళ్ల ముందట ఏమన్నడో తెల్సా? నీ గుడిసె కూలితే కూలనీ, కొత్త గుడిసె ఏయిస్త అన్నడు" అని గోడ మీద చెయ్యి వేశారు. "గీ ఇల్లు మా అబ్బాజాన్ రాయి రాయి మోసి కట్టిండు. గా మాట అన్నాయన రావాలె. గప్పుడు సూద్దాం."

మామయ్య అలా అన్నారా? అని ఉంటారు. వయసులో ఉన్నప్పుడు, చేతిలో బిల్డింగ్ ఉన్నప్పుడు.

వచ్చేటప్పుడు గల్లీలో నడిచి వచ్చాను. ఒక మూల పుదీనా, రెండు మేకలు. మా డాబా మీది వాననీళ్ల పైపు సరిగ్గా అక్కడికే దిగుతోంది. దాని కింద నేల గుంతపడి నాచు పట్టింది. ఆ గుంతకి ఇవతల మా గోడ. గోడకి ఇవతల నా అప్పడం పొంగిన చోటు.

షకీలా ఆంటీ బకెట్‌లో నీలిమందు కలుపుతోంది. నేను ఆగి ఆ బకెట్ వైపే చూస్తూ నిలబడ్డాను.

సెప్టెంబర్ 16, మంగళవారం

నిన్న కిరాణా కొట్లో ఉన్న నీలిమందు అంతా కొన్నాను. కొట్టాయన ఇంట్లో ఎంత మందికి బట్టలుతుకుతున్నావమ్మా అన్నాడు.

ఇవాళ పొద్దున్నే డాబా ఎక్కి నీలం నీళ్లు ఆ వాననీళ్ల పైపులో పోశాను. రబ్బరు పైప్ తెచ్చి ట్యాంకు నీళ్లు దాని వెనకాలే వదిలాను. ప్రవీణ్‌ని బతిమాలి, నీలం వస్తుందేమో చూడమని కింద గోడ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఫోన్ చేస్తే "ఏం లే" అంటాడు. ఇంకోసారి చేస్తే "ఏం లేదంటున్న గద, షాపుల జనమున్నరు" అంటాడు. మధ్యాహ్నం ఈసారి అతనే చేశాడు. "కావ్యా, కిందికి రా" అన్నాడు. గొంతు వేరేగా ఉంది.

బూడిదరంగు గోడ మీద నీలం చార. ముందు వెంట్రుకంత, తర్వాత వేలంత.

మామయ్యని పిలిచాను. వరద తర్వాత ఆయన సెల్లార్‌లోకి దిగడం ఇదే మొదటిసారి. ఎక్కడి నుంచి పోశానో చెప్పాను. ఇన్నేళ్లూ మన డాబా నీళ్లే వాళ్ల గల్లీలో పడి, మళ్లీ మన గోడలోకే వస్తున్నాయి అన్నాను. ఆయన చార మీద వేలు పెట్టారు. నీలమైన ఆ వేలిని చూసుకున్నారు. లుంగీకి తుడుచుకుని పైకి వెళ్లిపోయారు.

సెప్టెంబర్ 17, బుధవారం

మామయ్య అన్నం ముట్టలేదు, టీ మాత్రం తాగారు.

సెప్టెంబర్ 18, గురువారం

పొద్దున్న మామయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, నువ్వు కూడా రా బిడ్డా అన్నారు. ఎక్కడికని నేను అడగలేదు.

జహంగీర్ సాబ్ వరండాలో మిషన్ విప్పి కూర్చున్నారు. తలెత్తి చూసి మళ్లీ దించుకున్నారు. మామయ్య మెట్టు కిందే నిలబడ్డారు. ఎవరూ కూర్చోమనలేదు.

"భాయ్, మా డాబా నీళ్లు ఇన్నేండ్లు మీ జాగల పోసినం. తప్పయింది. పైపు ఇయ్యాలనే మర్లిస్త, రోడ్డు మోరీల కలుపుత" అన్నారు మామయ్య.

జహంగీర్ సాబ్ స్క్రూ బిగిస్తూనే ఉన్నారు. తలెత్తకుండానే, "గుడిసె ముచ్చట?" అన్నారు.

మామయ్య నా వైపు చూడలేదు. నేల వైపు చూశారు. "గా మాట గూడ" అన్నారు.

మిషన్ పక్కన పెట్టి జహంగీర్ సాబ్ లేచారు. లోపలికి వెళ్లిపోతున్నారనుకున్నాను. కుర్చీ తెచ్చి వేశారు. "ముసలోనివైపోయినవ్ మోహన్" అన్నారు. "నువ్వేం పోరగానివా" అన్నారు మామయ్య కూర్చుంటూ.

జహంగీర్ సాబ్ తవ్వుకోండ్రి అన్నారు. కానీ ఒకేసారి కాదు, కొంచెం కొంచెంగా. ఒక ముక్క తవ్వి, పూసి, పూడ్చాకే ఇంకో ముక్క. తమ ఇల్లు పాతది కాబట్టి. గిడియోన్ కూడా అదే చెప్పాడు.

సెప్టెంబర్ 22, సోమవారం

పైపు మళ్లించారు. తవ్వకం మొదలైంది. మేకల్ని ఎక్కడ కట్టాలో తెలియక మా ర్యాంప్ మీద కట్టాం. ప్రవీణ్ షాపుకి వచ్చిన రైతు ఒకాయన, ఇవి కూడా జిమ్‌లో చేరాయా అని అడిగాడట.

షకీలా ఆంటీ పుదీనా అంతా పీకి తొట్టెల్లో పెట్టింది. మాకూ ఒక తొట్టె ఇచ్చింది.

సెప్టెంబర్ 24, బుధవారం

మామయ్య అప్పట్లో చెప్పిన మొరం వచ్చి పడింది. రెండు టిప్పర్లు. డ్రైవర్‌కి దసరాకి ఊరికి వెళ్లాలట, ముందే పోసి వెళ్లిపోయాడు. ర్యాంప్ ముందు ఎర్ర గుట్ట. వద్దని చెప్పలేదా అని మామయ్యని అడిగాను. "చెప్పుడు మరిచిన" అన్నారు. మరిచారో, దసరా ఇంకా రాలేదని ఊరుకున్నారో.

సెప్టెంబర్ 26, శుక్రవారం

చేతుల నిండా బొబ్బలు. అయినా రాయాలి.

మొదటి ముక్క మొన్ననే పూసి, ఎండాక నిన్న పూడ్చాం. నిన్న సాయంత్రం రెండోది తవ్వారు, సరిగ్గా షకీలా ఆంటీ వంటింటి పక్కన. పైన టార్పాలిన్ కప్పాం. తెల్లారేసరికి వాన మొదలైంది. పదింటికి కుండపోత. టార్పాలిన్ నీళ్లతో కడుపులా వేలాడి, చిరిగి, మొత్తం గుంతలో పడింది. నేను డాబా మీంచి చూస్తూనే ఉన్నాను. వాళ్ల వైపు మట్టి పెళ్లలుగా జారుతోంది. వంటింటి గోడ మీద పగులు గీత లేచింది. లోపల షకీలా ఆంటీ రొట్టెలు చేస్తోంది.

ఎలా దిగానో తెలియదు. ఆమెని రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాను. పెనం పొయ్యి మీదే ఉండిపోయింది.

బయటికి వచ్చేసరికి మామయ్య వానలో నిలబడి అరుస్తున్నారు. "ప్రవీణ్, ఖాళీ సంచులు తే! మొరం నింపుండ్రి! గోడకు ఆసర కావాలె!" షాపులో ఖాళీ యూరియా సంచులు ఎన్నుంటే అన్నీ వచ్చాయి. గిడియోన్ గుంతలో దిగాడు, మేం అందిస్తుంటే ఒకదాని మీద ఒకటి పేర్చాడు. నేను ఫోన్ చేసింది బాలమణి అక్కకి ఒక్కదానికే. గ్రూపు మొత్తం వచ్చింది. వరసగా నిలబడి సంచులు చేతులు మార్చాం. బరువు ఎత్తేటప్పుడు నడుము వంచకండి అని నేను అరుస్తూనే ఉన్నాను, అలవాటుగా. మామయ్య పార పట్టుకుని మొరం ఎత్తుతుంటే జహంగీర్ సాబ్ సంచి మూతి పట్టుకుని నిలబడ్డారు.

మధ్యాహ్నానికి వాన తగ్గింది. గోడ నిలబడింది. ర్యాంప్ ముందు గుట్ట సగమైంది.

సెప్టెంబర్ 27, శనివారం

అసలు సంగతి ఇవాళ తెలిసింది. మట్టి జారిన చోట వంటింటి పునాది కింద బోలుగా ఉంది. చెయ్యి పెడితే మోచేయి దాకా వెళ్లింది. నిన్నటి వానకి అయింది కాదు. పాత నాచు ఉంది లోపల. మా పైపు నీళ్లు ఇన్నేళ్లూ రాళ్ల సందులోని మట్టిని తినేశాయి. మేం తవ్వకపోయి ఉంటే ఏదో ఒక పొద్దున అది దానంతటదే కూలేది, రొట్టెలు తిప్పుతుండగా.

జహంగీర్ సాబ్ వంగి చూశారు. లేచి, లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. పని ఆపమని షకీలా ఆంటీతో చెప్పించారు.

మామయ్య వాళ్ల వరండా మెట్టు మీద కూర్చున్నారు. నేను రెండుసార్లు పిలిచాను. రాలేదు. మూసిన తలుపుతోనే మాట్లాడుతున్నారు. "భాయ్, పునాది నేను కట్టిస్త. నా సెల్లార్ ముచ్చట ఇడిచిపెట్టు. అది పూడ్చినా సరే. ముందుగాల నీ గోడ" అంటున్నారు.

సెల్లార్ పూడ్చినా సరే అన్నారు. విన్నాను. నాకు కోపం రాలేదు. నేనైనా అదే అనేదాన్ని.

సెప్టెంబర్ 28, ఆదివారం

తలుపు తెరుచుకుంది. తీసింది షకీలా ఆంటీ. "మగోళ్ల అలకలకు నేను ఎండల రొట్టెలు చేసుకోవాల్నా? నా వంటిల్లు నాకు కావాలె. మీ గోడ మీకు కావాలె. గిడియోన్‌ను పిలువుండ్రి" అంది. ఆమె వెనకాల జహంగీర్ సాబ్ తల ఊపారు. ఊపారనే అనుకుంటున్నాను.

సెప్టెంబర్ 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. షకీలా ఆంటీ వాళ్ల వాకిట్లోంచి బంతిపూలు పంపింది. బొబ్బల చేతులతో చప్పట్లు సరిగా పడలేదు.

అక్టోబర్ 2, గురువారం

దసరా. మామయ్య జమ్మి ఆకు తీసుకుని గల్లీ వైపు వెళ్లారు. భోజనాల వేళకి కూడా రాలేదు. ప్రవీణ్‌ని పంపితే అతనూ రాలేదు. వెళ్లి చూస్తే ముగ్గురూ సేమియా తింటున్నారు.

మొరం సంగతి నేను అడగలేదు. వచ్చేటప్పుడు మామయ్యే అన్నారు. మిగిలిన గుట్టని కౌడిపల్లి పొలం బాటకి పోయిస్తారట.

అక్టోబర్ 8, బుధవారం

పునాది కింద రాళ్లూ కాంక్రీటూ నింపారు. నాలుగు రోజులు పట్టింది. మంచి ఎండలు. గిడియోన్ ఈసారి ప్రతిదీ రెండుసార్లు చూస్తున్నాడు.

ఇవాళ ఆ ముక్కలో మా గోడ బయటి వైపు రెండో కోటు. నేనే దిగి పూశాను. గుంతలో చల్లగా ఉంది, మట్టి వాసన. ఇన్నేళ్లు లోపలి నుంచి చూసిన గోడని వెనక నుంచి చూడటం వింతగా ఉంది. షకీలా ఆంటీ పైన గట్టు మీద కూర్చుని, ఆడొకటి మిగిలింది, ఈడొకటి మిగిలింది అని చూపించింది. చివరికి ఓపిక పట్టలేక తానే నిచ్చెన దిగింది. జహంగీర్ సాబ్ వద్దు వద్దని అరుస్తున్నారు. బ్రష్ తీసుకుని అడ్డంగా పూసుకుంటూ పోయింది. నాకంటే నీటుగా.

మిగిలిన పూతని వాళ్ల పునాది మీద పెట్టిన కొత్త సిమెంటుకి కూడా పూసేశాం. అది అడిగింది జహంగీర్ సాబ్.

అక్టోబర్ 13, సోమవారం

చివరి ముక్క కూడా అయింది. గల్లీ పూడ్చేశాం. నేల రోడ్డు వైపు వాలుగా ఉండేలా దిమ్మిస కొట్టి గట్టి చేశారు. లోపల పొంగిన పూతని గీకి మళ్లీ పూశాం.

ట్యాంకు నీళ్లు పైప్‌తో గల్లీలో మధ్యాహ్నం దాకా వదిలాం. అందరం కింద గోడ ముందు పెళ్లి చూపుల్లో లాగా కూర్చున్నాం. బాలమణి అక్క గోడకి చెంప ఆనించి చూసింది. "ఎండిన తౌడు లెక్కుంది" అంది.

అక్టోబర్ 18, శనివారం

జిమ్ తెరిచాను. ట్రెడ్‌మిల్స్ లేవు. సైకిల్ లేదు. కొత్త మ్యాట్లు, పాత డంబెల్స్, అద్దం. మిగతావి మెల్లగా వస్తాయి.

షకీలా ఆంటీ మెట్ల మీద సగం దాకా వచ్చి ఆగింది. ఇంతమంది ముందు తనకి రాదంది. బాలమణి అక్క ఎదురెళ్లి, "రా వదినె, నేను వచ్చిన్నాడు కూసుంటే లేవలే, ఇద్దరు పట్టి లేపిన్రు" అని చెయ్యి పట్టుకుని దింపింది. మోకాళ్లు ఎంత వంగుతాయో ఇద్దరూ చీర కుచ్చిళ్లు ఎత్తి పోల్చుకున్నారు. తర్వాత అద్దంలో తనని తాను పైనుంచి కింది దాకా చూసుకుని షకీలా ఆంటీ ఏదో ఉర్దూలో అంది. అందరూ నవ్వారు. నాకు సగమే అర్థమైంది. అడిగితే చెప్పలేదు.

ప్రవీణ్ పైనుంచి ఫోన్ చేశాడు. మీ నవ్వులు షాపులోకి వినపడుతున్నాయి అన్నాడు. విననీ అన్నాను.

అక్టోబర్ 29, బుధవారం

నిన్నటి నుంచి తుఫాను వాన. పొద్దున్న క్లాసుకి అందరూ తడిసే వచ్చారు. పైకొచ్చి టీ తాగుతుంటే గుర్తొచ్చింది. గోడ వైపు ఒక్కసారి కూడా చూడలేదు.